నాలుగడుగుల బల్లమీద బందరుకోట

దసరాకో సంక్రాంతికో మన ఇళ్ళలో బొమ్మలకొలువు పెడతారు. పై మెట్టున దేవుళ్ళు, ఆ కింద పెళ్ళివారు, ఇంకా కిందికి దిగితే బొజ్జ శెట్టిగారూ, ఆయన ఇల్లాలూ, పక్కనే తుపాకి భుజాన వేసుకున్న సిపాయి, ఆ సిపాయి మోకాలికి రాని ఏనుగు. ఏనుగుకంటె సిపాయి పొడుగేమిటని ఇంతవరకు ఏ పేరంటాలూ అడిగిన పాపాన పోలేదు. కొలువులో కావలసింది కన్నుల పండువు, కొలత కాదు.

కాని ఏనుగు ఏనుగంతే ఉండాలి, సిపాయి సిపాయంతే ఉండాలి అని పట్టుబట్టే బొమ్మలవారు కూడ లోకంలో ఉన్నారు. వీరి కొలువులో టాంకులు, యుద్ధవిమానాలు, యుద్ధనౌకలు, వాటి మధ్య బొటనవేలంత సైనికులు ఉంటారు. వీటిని స్కేలు మోడళ్ళంటారు. పిల్లలకంటె పెద్దలే వీటికి ఎక్కువ దాసులు. పగలంతా కచేరీలో దస్త్రాలు తిరగవేసిన ఉద్యోగస్థులు రాత్రి భోజనం కాగానే భూతద్దం, సన్నకుంచె పట్టుకుని కూచుంటారు. వీరి సరదామీద దేశదేశాల కర్మాగారాలు బతుకుతున్నాయి. ఆ వ్యాపారంలో భీష్ముడి వంటి జపాను దేశస్థుడు తమియా షున్‌సాకు 2025 జూలైలో 90 ఏళ్ళ వయసున కన్నుమూశాడు. ఆయన పోయిన వార్తకు మన బందరుకు సంబంధం ఏమిటంటారా? ఉన్నది. కాస్త నిదానంగా వినండి.

కొలతే ప్రాణం

1:35 అన్నారంటే అసలు వస్తువులో ముప్పై అయిదో వంతు అని అర్థం. ఆ లెక్కన అయిదడుగుల ఆరంగుళాల మనిషి అయిదు సెంటీమీటర్లకు లోపే తేలుతాడు. విమానాలకు 1:72 ప్రసిద్ధి. అంటే ఆరడుగులకు ఒక అంగుళం. 1965 పాకిస్తాను యుద్ధంలో పేరు తెచ్చుకున్న మన నాట్ విమానం రెక్కల వెడల్పు ఇరవై రెండడుగులు. ఈ కొలతలో అది నాలుగంగుళాలైనా ఉండక అరచేతిలో ఇముడుతుంది. విశాఖపట్నం బీచిలో 2002లో మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామిని చాలామంది చూసే ఉంటారు. దాని పొడుగు 91 మీటర్లు. ఓడలకు వాడే 1:350 కొలతలో అది 26 సెంటీమీటర్లు. జానెడుకు కాస్త ఎక్కువ.

పెట్టె తెరిస్తే లోపల ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని చిన్న చిన్న భాగాలు వందల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్కటే కోసి, అంచులు అరగదీసి, జిగురుతో అతికించాలి. అతుకుల్లో సందులుంటే మక్కు నింపి నునుపు చెయ్యాలి. పల్చని పూత వేసి, ఆరాక రంగులు వెయ్యాలి. అంతటితో ఐపోలేదు. తళతళలాడే ఆ టాంకుకు బురద పుయ్యాలి, తుప్పు పట్టించాలి, రంగు పెచ్చులూడినట్టు చెయ్యాలి. ఇత్తడి చెంబు మెరిసేదాకా తోమే మన ఇల్లాళ్ళకు ఇది చోద్యంగా కనిపించవచ్చు. కాని యుద్ధరంగం నుంచి వచ్చిన బండి పెళ్ళిపందిరిలో బండిలా ఉండదు కదా! ఆ బురద ఏ దేశపు బురదో, ఏ రంగులో ఉండాలో కూడ వారు పుస్తకాలు చూసి తేల్చుకుంటారు. ఆడుకునే బొమ్మకూ దీనికీ ఉన్న తేడా అదే. ఇక్కడ ప్రతి మేకుకూ సాక్ష్యం కావాలి.

రాజుగారి గదినుంచి పిల్లవాడి బల్లదాకా

ఈ విద్య మొదట రాజుల రహస్యం. ఫ్రాన్సులో 14వ లూయీ కాలాన, 1668 నుంచి, సరిహద్దు కోటలకు 1:600 కొలతలో నమూనాలు తయారుచేయించసాగారు. కోటగోడలే కాదు, చుట్టూ ఉన్న పొలాలు, కాలవలు, చెట్లు సైతం అందులో ఉండేవి. రాజు తన గది వదలకుండానే ఏ కోటను ఎటునుంచి ముట్టడించవచ్చో వేలుపెట్టి చూపేవాడు. ఆ నమూనాలు కొన్ని ఇప్పటికీ పారిస్‌లోని ఒక మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

తరువాత సీసపు సిపాయిలు వచ్చారు. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీ లోపల గుల్లగా ఉండే సీసపు బొమ్మలు పోసే పద్ధతి కనిపెట్టి, సిపాయిని మధ్యతరగతి ఇంటికి చౌకగా దింపింది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే ప్రసిద్ధ రచయిత ఈ బొమ్మలతో గచ్చుమీద యుద్ధం ఆడే విధానం గురించి ‘లిటిల్ వార్స్’ అని ఒక పుస్తకమే రాశాడు. పెద్ద యుద్ధంకంటె చిన్న యుద్ధమే మేలని ఆయన వాదన. ఆ మరుసటి ఏడే ప్రపంచయుద్ధం వచ్చి పడింది!

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ బొమ్మలు నిజంగానే సైన్యంలో చేరాయి. ఆకాశంలో పోయే విమానం మనదో శత్రువుదో ఆకారం చూసి పోల్చుకోవడం నేర్పాలి. అందుకని 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలచేత 1:72 కొలతలో అయిదు లక్షల విమానాల నమూనాలు చెక్కించ తలపెట్టింది. యుద్ధం ముగిశాక వంతు ప్లాస్టిక్‌ది. 1939లో లండనులో స్థాపించబడి, మొదట రబ్బరు బొమ్మలు, పిదప దువ్వెనలు చేసుకుంటున్న ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ 1950లలో చిన్న ఓడల, విమానాల కిట్లు పిల్లల చేతిఖర్చుకు అందే ధరకు అమ్మింది. ఆ కంపెనీ 2006లో చితికిపోగా హార్న్‌బీ వారు కొన్నారు. అటు తరువాత కొన్నేళ్ళపాటు ఆ పెట్టెలమీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉండేది. ఇంగ్లండు పిల్లలు అతికించుకున్న స్పిట్‌ఫైర్ భాగాలను మన దేశపు కార్మికులే అచ్చు పోశారన్నమాట.

ఇక తమియావారిది జపానులోని షిజువోకా నగరం. 1946లో కలప వ్యాపారంగా మొదలై, కొయ్య బొమ్మలకు దిగి, 1960లలో ప్లాస్టిక్ టాంకులకు వచ్చారు. మొదటి టాంకులో మోటారు, బాటరీలు పట్టాలి కాబట్టి ఆ ఒడ్డూ పొడుగూ కుదిరి 1:35 అయింది. ఆ బాటరీల పుణ్యమా అని అదే ఇవాళ ప్రపంచమంతటా టాంకులకు ప్రామాణికమైన కొలత! షున్‌సాకుగారి పట్టుదలకు ఒక్క నిదర్శనం చాలు. ఒక కారు నమూనా చెయ్యవలసి వచ్చినప్పుడు బొమ్మలు చూసి తృప్తిపడక, అసలు పోర్షె కారునే కొని విప్పి చూశాడాయన.

ఇప్పుడు త్రీ-డీ ప్రింటర్లు వచ్చాయి. కంప్యూటరులో గీసిన సైనికుడు ఇంట్లోనే, రాళ్ళజిగురు వంటి ద్రవంలోంచి పొరపొరగా పైకి లేస్తాడు. వేల నమూనాలు అమ్ముడుపోతే తప్ప ఉక్కు అచ్చుల ఖర్చు గిట్టని రోజులు పోతున్నాయి. ఒక్కటంటే ఒక్కటే కావలసినవాడికి కూడ ఈ విద్య అందుబాటులోకి వచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి. బందరు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

మన చేతులకు కొత్తదా?

అతుకుల్లో మక్కు, మీద పల్చని పూత, ఆపైన రంగులు అని చెప్పాను. కొండపల్లి బొమ్మ చేసే విధానం తెలిసినవారికి ఇది విన్నట్టే ఉంటుంది. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో కాళ్ళు చేతులు అతికి, సుద్ద పూసి, రంగు వేస్తారు. వాడే సరుకు వేరు, వరస అదే. అంబారీ ఏనుగును అంత పొందికగా నిలబెట్టగల చేతికి టాంకు ఒక లెక్కా?

దిగువ కృష్ణలోనే చూడండి. పెడనలో కలంకారీ అద్దకానికి టేకుచెక్కమీద వెంట్రుకవాసి తేడా రాకుండా పువ్వులు, తీగలు చెక్కే పనివారున్నారు. బందరు చిలకలపూడి రోల్డుగోల్డు నగలవారు గోరంత రేకుమీద నెమలిని దింపుతారు. ఇక అసలు సైన్యం సంగతి. 1926లో బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చీకట్లో సైనికులకు చూపునిచ్చే పరికరాలు అక్కడ తయారవుతాయి. ఆ సంస్థవారిదే కొత్త కర్మాగారం పామర్రు మండలం నిమ్మలూరులో 2025 అక్టోబరులో ప్రారంభమైంది. నిజమైన టాంకులకు కళ్ళు చేసిపెట్టే సీమ మనది.

చేతులున్నాయి, పనిముట్లున్నాయి. లేనిదల్లా ఏమి చెయ్యాలన్న ఆలోచనే. జర్మనీ టాంకుల పేర్లు వరసగా అప్పజెప్పే పిల్లలు మన కాలేజీల్లో ఉన్నారు. తమ ఊరి కోటను ఎవరు ఎటునుంచి పట్టుకున్నారో చెప్పమంటే ఇంటికప్పు చూస్తారు. తప్పు వారిది కాదు. టాంకు వారి చేతికి దొరికింది, కోట దొరకలేదు.

1759 ఏప్రిల్ 7, అర్ధరాత్రి

ఇప్పుడు బందరుకోటను బల్లమీదికి ఎత్తుదాం. ఆనాటి ఆంగ్ల చరిత్రకారుల లెక్కలో కోట పొడుగు సుమారు 800 గజాలు, వెడల్పు అంతకు తక్కువ. ఫ్రెంచి రాజుగారి 1:600 కొలతనే తీసుకుంటే పొడుగు సరిగ్గా నాలుగడుగులు. భోజనాల బల్ల చాలు. మనిషి మూడు మిల్లీమీటర్లు కూడ ఉండడు. ఆవగింజకంటె కాస్త పెద్ద.

కోటకు దక్షిణాన సముద్రపు పాయ. మిగిలిన వైపుల బురద. వాయవ్యంగా ఉన్న పట్టణానికి బురద మధ్యగా ఒకే కట్టదారి. తూర్పున ఇసుక దిబ్బలు. లోపల ఫ్రెంచివారు, వారి సేనాని కాన్‌ఫ్లాన్స్. బయట ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డ్, అతనికి తోడు విజయనగరం ప్రభువు ఆనందగజపతిరాజు. ఫోర్డ్ వద్ద తెల్ల సైనికులు సుమారు 350, దేశీయ సిపాయిలు 1,400. కోటలో అంతకంటె ఎక్కువ బలగమున్నది. అవతల ఫ్రెంచివారికి సాయంగా నిజాం సలాబత్‌జంగు సైన్యం బెజవాడ దాటి వస్తున్నది. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకే సరిపోతుంది. వెనక్కి పోను దారి లేదు.

ఆ రాత్రి మూడు వైపుల ఒకేసారి అలజడి పుట్టించాడు. కట్టదారి వెంట గజపతిరాజు సేన. నైరుతిన, ఎవరూ రాలేరని ఫ్రెంచివారు నమ్మిన బురదలోనుంచి కెప్టెన్ నాక్స్ సిపాయిలు. ఈ రెండూ కంటితుడుపు దాడులే. అసలు దెబ్బ ఈశాన్యాన కెమీలియన్ అనే బురుజుమీద. పేరుకు అర్థం ఊసరవెల్లి. ఏ వైపున అసలు దాడి జరుగుతున్నదో కాన్‌ఫ్లాన్స్‌కు అంతుపట్టలేదు. తెల్లవారకముందే లొంగిపోయాడు. పట్టుబడ్డవారు సుమారు 3,000, పట్టుకున్నవారికంటె ఎక్కువ! మే 14న సలాబత్‌జంగు సంధి చేసుకుని బందరును, చుట్టుపక్కల సీమను ఇంగ్లీషువారికి ధారపోశాడు. తెలుగుదేశంలో ఫ్రెంచివారి ఆధిపత్యం ఆ రాత్రితో ముగిసింది.

పుస్తకంలో చదివితే ఇవన్నీ పేర్లు, తేదీలు. బల్లమీద పెడితే పదేళ్ళ పిల్లవాడైనా వేలుపెట్టి, “బురద ఉందని ఇటు కాపలా తగ్గించారు, అందుకే అటు పరుగెత్తారు, అంతలో ఇటు పోయింది” అని చెబుతాడు. నమూనా చేసే మేలు అదే. నేటి బందరుకోటలో మిగిలినవి పాత ఆయుధాగారం, గంట గోపురం వంటి కట్టడాలే. ఉప్పుగాలికి ఇటుక రాలుతున్నది. ఆ బురుజులు, కందకాలు మళ్ళీ కట్టలేము. నాలుగడుగుల బల్లమీద మాత్రం కట్టగలము.

పిల్లల చేతికి యుద్ధమా?

యుద్ధాన్ని ఆటవస్తువు చెయ్యడం మంచిదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. వెల్స్ బొమ్మలు నిజమైన యుద్ధాన్ని ఆపలేకపోయాయి. కాని టాంకును మాత్రమే చేసి ఊరుకుంటేనే అది ఆట. దాని కింద నలిగిన పొలం కూడ చేస్తే అది చరిత్ర. బందరు ముట్టడిలో గెలిచిన పక్షాన సైతం చనిపోయినవారిలో దేశీయులే ఎక్కువ. ఉత్తరదేశంలో సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. మొదటి సిపాయిలు ఈ దక్షిణాదినుంచి వెళ్ళడమే దానికి కారణం. ఆ పేరులో మన పేరున్నది. కాని ఆ రాత్రి మోకాలిబంటి బురదలో పడిపోయినవారి సొంత పేర్లు చరిత్ర పుస్తకాలకెక్కలేదు. ఆవగింజంత సిపాయిని కుంచెతో ఒక్కొక్కణ్ణే దిద్దే పిల్లవాడు, అతను ఎవరి కొడుకో అని ఒక్క క్షణమైనా ఆలోచించకపోడు.

ఇంకొక మాట. ఈ కొలత యుద్ధానికే కాదు, మన అసలు శత్రువుకూ పనికివస్తుంది. 1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు ప్రాంతాన సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో 10,000 మందికి పైగా పోయారు. ఆనాటి కెరటం ఎత్తు సుమారు 5 మీటర్లంటారు. కోట బల్లమీది కొలతలో అది 8 మిల్లీమీటర్లు. తాటాకింటి చూరు 3 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన నిలబెట్టి చూపితే, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు ఎందుకు వదలాలో దివిసీమ పిల్లలకు వేరే ఉపన్యాసం అక్కరలేదు.

దీనికి లక్షలు అక్కరలేదు. ఒక బల్ల, కొండపల్లి కర్ర, పెడన చెక్కడపువారి చేయి, కంప్యూటరు తెలిసిన ఇంజనీరింగు కుర్రవాడు, పాత పటాలు చదవగల చరిత్ర మాష్టారు, ఒక ఏడాది సాయంకాలాలు చాలు. బందరులోగాని, గుడివాడలోగాని ఒక కాలేజీ పూనుకుంటే చాలు. బురదకు మాత్రం రంగు డబ్బా కొననక్కరలేదు. కోట చుట్టూ అసలుదే కావలసినంత ఉన్నది.