లక్ష్మణరాయ పరిశోధక మండలి
లక్ష్మణరాయ పరిశోధక మండలి నిజాము పాలనలోని తెలంగాణ చరిత్రకు ఆధారాలను సేకరించి ప్రచురించిన హైదరాబాదు సంస్థ. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపకులలో ఒకడైన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1923లో మరణించిన తరువాత, ఆయన స్మృత్యర్థం దీనికి ఈ పేరు వచ్చింది. ఆదిరాజు వీరభద్రరావు మండలి కార్యదర్శిగా పనిచేశాడు.

శాసనాల సేకరణ
ఆనాటి రాజభాష ఉర్దూ. తెలుగు శాసనాలు, తాళపత్ర గ్రంథాలు గ్రామాలలో చెదిరి ఉండేవి. మండలి సభ్యులు ఊరూరా తిరిగి వాటిని సేకరించారు.

రాతి శాసనానికి నకలు తీసేటప్పుడు ముందుగా రాయిని శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దానిపై పరచి, అక్షరాల గుంటలలోకి దిగేలా బ్రష్షుతో కొడతారు. పిమ్మట పైన సిరా అద్దుతారు. గుంటలలోకి దిగిన భాగానికి సిరా అంటదు కనుక, నల్లని కాగితంపై అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి.

ప్రచురణ, ప్రాముఖ్యత
మండలి 1935లో "తెలంగాణా శాసనములు" మొదటి సంపుటాన్ని వెలువరించింది. రాజుల పేర్లు, తేదీలు, దేవాలయాలకిచ్చిన దానాలు, చెరువులు, పన్నుల వివరాలు ఇటువంటి శాసనాల వల్లనే తెలుస్తాయి. రాయి పగిలిపోయినా, ఏ ఇంటి గోడలోనో కలిసిపోయినా, అచ్చయిన పాఠమే చరిత్రకారులకు మిగిలే ఆధారం.