బూరలోని వాయువు

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారి జాతర జరుగుతుంది. అక్కడ మా మనవడు ఒక గ్యాసు బూర కొనిపించుకొన్నాడు. ఏలూరు తిరిగివచ్చాక వాడు మూతికి కట్టిన దారం విప్పబోతూంటే నేను చూసి చప్పున లాక్కొన్నాను.

"హీలియమే గదా తాతయ్యా! పీలిస్తే గొంతు చిలక గొంతులా మారుతుందట. అది జడవాయువు, దేనితోనూ కలవదని మా మాస్టారు చెప్పారు," అన్నాడు వాడు.

మాస్టారు చెప్పింది నిజమే. కలవనిదల్లా అపాయం లేనిదని వీడు అనుకోవటమే పొరపాటు.

పిల్లలూ, హీలియం కథకు మన గుంటూరుతో చుట్టరికం వున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అది చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి పరీక్షించి, వాటిలో ఉదజని వున్నదని తెలుసుకొన్నాడు. గ్రహణం లేకపోయినా ఆ జ్వాలలను చూడవచ్చునని మర్నాడే రుజువు చేశాడు. ఇంగ్లండులో లాకియర్ కూడా విడిగా ఆ పద్ధతినే కనిపెట్టాడు. అక్టోబరులో ఆయనకు ఆ వెలుగులో ఒక పసుపుపచ్చని గీత కనబడింది. అప్పటికి తెలిసిన యే మూలకమూ అటువంటి గీత ఇవ్వదు! అందుచేత, గ్రీకు భాషలో సూర్యుడి పేరైన హీలియోస్ నుంచి దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే దానిని ఒక యురేనియం ఖనిజంలో పట్టుకొన్నాడు.

హీలియం మండదు, విషమూ కాదు. మరి భయం దేనికి? మనం పీల్చే గాలిలో సుమారు అయిదోవంతు ప్రాణవాయువు. హీలియం పీలిస్తే అది ఊపిరితిత్తులలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ఆ తేలిక వాయువులో ధ్వని వేగం హెచ్చు గనుక గొంతు మారుతుంది, నవ్వు వస్తుంది. కాని ప్రాణవాయువు తగ్గిన సంగతి మన వంటికి వెంటనే తెలియదు. బొగ్గుపులుసు వాయువు పెరిగితేనే ఊపిరాడనట్టు తోస్తుంది. ఇక్కడ అది మామూలుగా బయటికి పోతూనే వుంటుంది. అందుచేత బాధ తెలియకుండానే, నవ్వుతూ నవ్వుతూ స్పృహ తప్పుతుంది. సిలిండరుకే నోరు పెడితే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు కూడా.

అసలు మావాడి బూరలో వున్నది హీలియమేనని యెవరు చెప్పారు? హీలియం ఖరీదెక్కువ. జాతరలలో బూరలమ్మేవాళ్ళు కొందరు ఇనుప సిలిండరులో రసాయనాలు కలిపి ఉదజని తయారుచేస్తారు. నిప్పురవ్వ తగిలితే అది భగ్గుమంటుంది. 1937లో ఉదజని నింపిన హిండెన్‌బర్గ్ అనే గాలిఓడ మండిపోయి 36 మంది మరణించారు. బూరల సిలిండరు పేలి దగ్గర నిలబడ్డవాళ్ళు చనిపోవటం మన దేశంలోనూ జరిగింది. అందుకే నేను మనవణ్ణి బూర కొనుక్కోనిచ్చానే గాని, సిలిండరు దాపుకు పోనివ్వలేదు.

ఆ బూరను దీపాలకు దూరంగా, పెరట్లో జామకొమ్మకు కట్టాము. తెల్లవారేసరికి అది సగానికి చిక్కిపోయి వేలాడుతున్నది. వాయువు రబ్బరులోని సూక్ష్మమైన సందులగుండా మెల్లగా జారిపోయిందన్నమాట.