డ్రైవింగ్ నేర్పేవారి జీతం తగ్గితే.. మీ క్లాసు టైమూ తగ్గుతుందా?

తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా డ్రైవింగ్ స్కూల్‌కు వెళ్తే ముందు అడిగేది ఫీజు గురించే. పక్క సీట్లో కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు అందులో ఎంత ముడుతుందో ఎవరూ అడగరు. కానీ మీ శిక్షణకు, ఆయన జీతానికి నేరుగా సంబంధం ఉంది.

ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989 ప్రకారం పదో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటార్ మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ తప్పనిసరి. ఇన్ని అర్హతలు చెప్పిన ఈ నిబంధన జీతం గురించి మాత్రం ఏమీ చెప్పదు. అది యజమానికి, ఉద్యోగికి మధ్య ఒప్పందమే.

జీతం పెరిగితే తృప్తి పెరుగుతుందా?

కొంతవరకే. వివిధ ఉద్యోగాలపై జరిగిన 92 పరిశీలనలను కలిపి 2010లో అమెరికా పరిశోధకులు విశ్లేషించారు. జీతానికి, ఉద్యోగ తృప్తికి మధ్య సంబంధం బలహీనమేనని తేల్చారు. అలాగని జీతం ముఖ్యం కాదని కాదు. ఇల్లు గడవనంత తక్కువైతే అసంతృప్తి తప్పదు. ఎంత ఇస్తున్నారన్నదే కాదు, ఏ లెక్కన ఇస్తున్నారన్నదీ పనిని మారుస్తుంది.

నేర్చుకునేవారికి నష్టం ఎలా?

కారు శిక్షణ కనీసం 21 రోజులు ఉండాలి. అందులో స్టీరింగ్ మీ చేతిలో ఉండే సమయం 10 గంటలకు తగ్గకూడదు. అంటే రోజుకు సుమారు అరగంట. ఉదయం, సాయంత్రం కలిపి 7 గంటలు నేర్పే ఇన్‌స్ట్రక్టర్ 14 మందికి మించి న్యాయం చేయలేరు. మనిషికింత అని కమీషన్ ఇస్తే, క్లాసును 20 నిమిషాలకు కుదించి 21 మందిని ఎక్కించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మీకు దక్కేది 7 గంటలే. మూడు గంటల లోటుతో లైసెన్సు తీసుకుని భాకరాపేట కనుమలోనో, మొగిలి ఘాట్‌లోనో బండి నడపాల్సి వస్తే ప్రమాదం మీకే కాదు, ఎదురొచ్చేవారికీ. నెల జీతం స్థిరంగా ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ తొందర ఉండదు.

చేరే ముందు ఏం చూడాలి?

* స్కూల్‌కు రవాణా శాఖ లైసెన్సు ఉందా?
* కారులో ఇన్‌స్ట్రక్టర్ వైపూ బ్రేకు ఉందా?
* రోజుకు ఎన్ని నిమిషాలు మీరే నడుపుతారు? రాసి పెట్టుకోండి.
* 10 గంటలు పూర్తయ్యాకే ఫారం-5 సర్టిఫికెట్ తీసుకోండి.

అన్నిటికన్నా తక్కువ ఫీజు చెప్పిన చోట, ఆ తగ్గింపు ఇన్‌స్ట్రక్టర్ జీతంలోంచి వచ్చిందా, మీ క్లాసు టైములోంచి వచ్చిందా అని ఒక్కసారి ఆలోచించండి.