లెక్కల్లో దాగిన మోసం, తరాలుగా ఎదిగే సూత్రం

సుల్తాన్ బజార్ బట్టల దుకాణంలో పాత ఖాతాదారుకు ఉద్దెర ఇవ్వాలా వద్దా అన్నది యజమాని క్షణంలో తేల్చేస్తాడు. మనిషితో ఉన్న పరిచయం, గతంలో బాకీ తీర్చిన తీరు, ఎంత తరచుగా కొంటున్నాడన్న సంగతి అన్నీ అతని మనసులో ఒక లెక్కగా కూడి ఉంటాయి. ఆ లెక్కను కాగితం మీద రాయమంటే మాత్రం అతడు రాయలేడు. పక్కనే ఉన్న కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లో పరిస్థితి వేరు. లక్షలాది ఖాతాలను చూసే బ్యాంకుకు ప్రతి ఒక్కరితోనూ పరిచయం ఉండదు గనుక, దానికి రాతలో ఉన్న సూత్రం కావాలి. అటువంటి సూత్రాన్ని కంప్యూటరే వెతికి పట్టుకునే విద్య ఒకటుంది. దానినే జెనెటిక్ ప్రోగ్రామింగ్ అంటారు. తెలుగులో జన్యు ప్రోగ్రామింగ్ అనుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే ఈ విద్యపై చెప్పుకోదగిన పరిశోధన జరిగింది.

కంప్యూటర్ ఒక పనిని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా చేయాలో చెప్పే క్రమాన్ని అల్గారిథమ్ అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో జీవించిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే ఈ మాట పుట్టింది. సాధారణంగా ఆ మెట్లన్నీ మనిషే రాస్తాడు. ప్రకృతిలో జీవజాతులు తరతరాలుగా మార్పు చెందే తీరును అనుకరించి కంప్యూటర్ చేత పరిష్కారాలు వెతికించవచ్చని అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1975లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఆ దారిలోనే సాగిన జాన్ కోజా, సూత్రాలను, ప్రోగ్రాములను సైతం ఈ పద్ధతిలో పుట్టించవచ్చని 1992లో ఒక బృహద్గ్రంథం ద్వారా చూపించారు.

ఇది ఎలా పనిచేస్తుందో మన దుకాణం ఉదాహరణతోనే చూద్దాం. ఐదు వందల మంది ఖాతాదారుల పాత లెక్కలు ఉన్నాయనుకుందాం. ఎవరు బాకీ తీర్చారో, ఎవరు ఎగవేశారో అందులో రాసి ఉంది. కంప్యూటర్ మొదట కొన్ని వందల సూత్రాలను గుడ్డిగా తయారు చేస్తుంది. ఒక సూత్రం బాకీని కొనుగోళ్ల సంఖ్యతో భాగిస్తుంది; మరొకటి ఆలస్యమైన రోజులను రెట్టింపు చేసి బాకీకి కలుపుతుంది. చాలావరకు ఇవి పనికిమాలినవే. అయినా పాత లెక్కలతో పోల్చి చూస్తే కొన్ని మిగతావాటి కంటే కాస్త మెరుగ్గా ఉంటాయి. మెరుగైన వాటిని ఎంచి, ఒకదానిలోని ముక్కను మరొకదానిలోని ముక్కతో మార్చి, కొత్త సూత్రాలను పుట్టిస్తారు. అక్కడక్కడ ఒక గుర్తునో ఒక అంకెనో యాదృచ్ఛికంగా మారుస్తారు. ఇది ఒక తరం. ఇలా ఎన్నో తరాలు గడిచేసరికి, ఎవరూ రాయని, అయినా పనిచేసే సూత్రం ఒకటి చేతికి వస్తుంది.

ఇది కాగితాలకే పరిమితమైన ఊహ కాదు. 2006లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రయోగించిన ఎస్‌టీ5 చిన్న ఉపగ్రహాల్లో ఇటువంటి పరిణామ పద్ధతిలో కంప్యూటర్ రూపొందించిన యాంటెన్నాలను అమర్చారు. వంకరటింకరగా వంచిన తీగలా కనిపించే ఆ ఆకారాన్ని ఇంజినీరు సహజంగా గీయడు. అయినా అది అంతరిక్షంలో పనిచేసింది.

ఇక మన నగరానికి వద్దాం. 2009 జనవరి 7న హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఒక లేఖ రాశారు. సంస్థ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవన్నది అందులోని సారాంశం. ఆడిటర్లు సంతకం చేసిన పద్దుల్లో ఆ అబద్ధం ఏళ్ల తరబడి దాగి ఉంది. వాటాలు కొన్న సామాన్య కుటుంబాల పొదుపు ఒక్కరోజులో కరిగిపోయింది.

ఇటువంటి మోసాన్ని అంకెల నుంచే పసిగట్టగలమా? రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ మాసబ్ ట్యాంక్‌లో ఉంది. అక్కడి ఆచార్యులు వడ్లమాని రవి, మరి ముగ్గురు పరిశోధకులు కలిసి ఈ ప్రశ్నపై రాసిన పత్రం 2011లో ప్రచురితమైంది. చైనాకు చెందిన 202 కంపెనీల ఆర్థిక నివేదికలను తీసుకొని, జన్యు ప్రోగ్రామింగ్ సహా ఆరు పద్ధతులను వారు పోల్చి చూశారు. ముఖ్యమైన అంశాలను ముందుగా ఏరి ఇచ్చినప్పుడు, జన్యు ప్రోగ్రామింగ్, మరొక నాడీజాల పద్ధతి దాదాపు సమానంగా ముందు వరుసలో నిలిచాయి.

సమానంగా నిలిచినా, ఆ రెంటికీ ఒక భేదం ఉంది. నాడీజాలం నుంచి వచ్చే జవాబుకు కారణం ఏమిటో చదివి తెలుసుకోవడం కష్టం. జన్యు ప్రోగ్రామింగ్ ఇచ్చేది సూత్రం. మరీ పొడవుగా పెరగనంత వరకు దానిని కాగితం మీద రాసి, ఏ అంశానికి ఎంత బరువు ఇచ్చిందో ప్రశ్నించవచ్చు. బ్యాంకు తీర్పు వల్ల నష్టపోయే మనిషికి ఈ భేదం చాలా పెద్దది.

అయితే జాగ్రత్త అవసరమైన చోట్లు రెండున్నాయి. పాత లెక్కలను సూత్రం బట్టీ పడితే కొత్త లెక్కల ముందు తడబడుతుంది. అందుకే కొన్ని ఖాతాలను ముందే పక్కన పెట్టి, చివర్లో వాటితో పరీక్షిస్తారు. రెండోది, మంచి సూత్రం ఏదో తేల్చే కొలబద్దను నిర్ణయించేది మనిషే. నూరు మందిలో ఇద్దరే మోసగాళ్లయితే, అందరూ నిజాయితీపరులే అనే సూత్రం కూడా 98 సార్లు సరైనదే అవుతుంది. కానీ ఒక్క మోసాన్నీ పట్టదు. మోసగాడు తప్పించుకోకూడదని కొలబద్దను మరీ బిగిస్తే, నిజాయితీపరుడు అనుమానితుడవుతాడు. ఫలానా వీధిలో పాత బాకీలు ఎక్కువని ఆ వీధివారందరినీ ఒకే గాటన కట్టే ప్రమాదమూ ఉంది. ఏ తప్పు ఎంత బరువైనదన్న న్యాయ విచారణ యంత్రానికి తెలియదు. అది మనం అప్పగించిన కొలబద్దనే తరతరాలుగా పెంచి పోషిస్తుంది.

కనుక ఈ విద్యను చూసి భయపడనవసరం లేదు, గుడ్డిగా నమ్మనూ వద్దు. రుణ దరఖాస్తును తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఏనాడో సూచించింది. కంప్యూటర్ ఒప్పుకోలేదన్న మాటతో ఎవరైనా మనల్ని పంపించివేస్తే, ఆ కారణాన్ని మర్యాదగా, రాతలో అడుగుదాం. గణితంలో ఆసక్తి ఉన్న మన ఇంటి ఆడపిల్లలకు, మగపిల్లలకు ఇది చదవదగిన విద్య అని కూడా చెబుదాం. రేపు ఆ కొలబద్దను నిర్ణయించే చోట కూర్చునేవారిలో, కింది వీధుల్లోని చిన్న దుకాణదారు కష్టం తెలిసినవారు కూడా ఉండాలి.