గడ్డ తీసి చూడాలన్నప్పుడు

"సూది పరీక్షలో స్పష్టంగా తేలలేదమ్మా, చిన్న ఆపరేషన్ చేసి గడ్డ తీసి చూద్దాం" అని డాక్టరు అన్నాక, ఆ తర్వాత చెప్పే మాటలేవీ చాలామంది ఆడవాళ్ల చెవికెక్కవు. ఆపరేషన్ అన్నారంటే క్యాన్సరేననీ, తమ దగ్గర దాస్తున్నారనీ అనుకుంటారు. ఇంట్లోవాళ్లదీ అదే అనుమానం. అక్కడ దాయడానికేమీ లేదు. డాక్టరుకూ ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే గడ్డను మొత్తంగానో, కొంత భాగంగానో కోసి తీసి ల్యాబుకు పంపుతారు. దాన్నే సర్జికల్ బయాప్సీ అంటారు.

అయితే ఇది మొదటి మెట్టు కాకూడదు. రొమ్ములో గడ్డ తగిలితే ముందు డాక్టరు చేత్తో పరీక్షించాలి. తర్వాత వయసును బట్టి మామోగ్రామో, అల్ట్రాసౌండో, రెండూనో తీయించాలి. ఆ పైన సూది. సన్నటి సూదితో కణాలు లాగి చూసేది ఎఫ్‌ఎన్‌ఏసీ. కాస్త లావు సూదితో లోపలి కండను సన్నని ముక్కలుగా తీసేది కోర్ బయాప్సీ. చాలా గడ్డల సంగతి కోర్ బయాప్సీతోనే తేలిపోతుంది. అందుకని ఏ పరీక్షా లేకుండా "ముందు కోసి తీసేద్దాం" అని ఎవరైనా అంటే, కోర్ బయాప్సీ ఎందుకు వద్దో మొహమాటం లేకుండా అడగండి. ఒకవేళ అది క్యాన్సరే అయితే, ఆ సంగతి ముందే తెలిస్తే ఆపరేషన్ ఎలా చేయాలో, అంతకుముందు కీమో ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. తెలియకుండా గడ్డ తీసేస్తే అదే చోట రెండోసారి కోయాల్సి రావచ్చు.

మరి కత్తి అవసరం ఎప్పుడు? స్కానింగ్ చూస్తే అనుమానంగా ఉండి, సూది రిపోర్టు మాత్రం మామూలుగా వచ్చి, రెండూ పొసగనప్పుడు. కోర్ బయాప్సీలో క్యాన్సర్ కాని, అలాగని పూర్తిగా మామూలువీ కాని కణాలు కనబడినప్పుడు కూడా తీసి చూడమంటారు. వాటి పక్కనే ఇంకేదైనా దాగి ఉండే అవకాశం ఉంటుంది. చనుమొన నుంచి రక్తం వస్తూ పాలనాళంలో చిన్న కండ పెరిగినట్టు కనబడినా, గడ్డ వేగంగా పెరుగుతున్నా, సూదికి అందని చోట ఉన్నా ఇదే దారి.

సూది గుచ్చితే, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. అది నిజం కాదు. ఆ భయంతో పరీక్షను నెలల తరబడి వాయిదా వేసుకున్నవాళ్లకే నష్టం. క్యాన్సర్ అయితే, ఆ నెలల్లో అది పెరుగుతుంది.

ఇంకో భయం, మత్తులో ఉండగా రొమ్ము తీసేస్తారేమోనని. దీనికి మాత్రం చరిత్రలో ఆధారముంది. 1970ల దాకా అమెరికాలో గడ్డ ఉన్న స్త్రీని మత్తులోకి పంపి, ముక్క తీసి అప్పటికప్పుడు పరీక్షించి, క్యాన్సర్ అని తేలితే ఆమెను లేపకుండానే రొమ్ము మొత్తం తీసేసేవారు. లేచాక తడుముకుంటే గాని తన రొమ్ము ఉందో లేదో ఆమెకు తెలిసేది కాదు. అప్పటి అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు 1974లో బయాప్సీ, రొమ్ము తొలగింపు ఒకే ఆపరేషన్‌లో జరిగాయి. అదే ఏడాది రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు తన రొమ్ములో గడ్డ గుర్తించి, ముందు బయాప్సీ మాత్రమే చేయాలనీ, ఫలితం తెలిశాక ఏం చేయాలో తానే నిర్ణయించుకుంటాననీ పట్టుబట్టింది. దీనికోసం ఆమె ఏళ్ల తరబడి రాసింది, వాదించింది. చివరికి 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సమావేశం పరీక్షనూ చికిత్సనూ రెండు దశలుగా విడదీయాలని చెప్పింది. ఇవాళ మనం ఒక చిన్న కోతతో నిద్రలేస్తున్నామంటే అందులో ఆమె పోరాటమూ ఉంది. ఆ హక్కును వాడుకోండి. సంతకం పెట్టేముందు కన్సెంట్ ఫారంలో బయాప్సీ అని మాత్రమే ఉందా, ఇంకేమైనా రాశారా చదవండి. చదవడం రాకపోతే ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి.

ఆపరేషన్‌కు ముందే మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. ముఖ్యంగా గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పల్చబడే మందులు, షుగర్ మాత్రలు, ఇన్సులిన్. వీటిని మీ అంతట మీరు ఆపొద్దు, చెప్పకుండా కొనసాగించనూ వద్దు. మత్తు ఇస్తారు కాబట్టి భోజనం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. కొన్ని ఆసుపత్రుల్లో ముందురాత్రి నుంచే ఏమీ తినొద్దంటారు. వాళ్లు చెప్పినట్టే చేయండి. నగలు, గాజులు తీసేయాలి, గోళ్ల రంగు చెరిపేయాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివాళ్లు బంగారం తీసి పసుపుతాడు ఉంచుకోవచ్చా అని నర్సును అడగొచ్చు. చాలామంది అడుగుతారు, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు వైపు బొత్తాలున్న నైటీ, వదులు జాకెట్టు తెచ్చుకుంటే ఇంటికి వెళ్లేటప్పుడు చెయ్యెత్తాల్సిన పని ఉండదు.

చేతికి తగలకుండా మామోగ్రామ్‌లో మాత్రమే కనబడే మచ్చ అయితే ఇంకో పని ఉంటుంది. స్కానింగ్ గదిలో ఆ చోట మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, సన్నని తీగను మచ్చ దాకా పంపి, బయటి కొసకు ప్లాస్టర్ వేస్తారు. సర్జన్ ఆ తీగ వెంటే వెళ్లి అక్కడి భాగం తీస్తారు. తీసిన ముక్కకు మళ్లీ ఎక్స్‌రే తీసి, మచ్చ అందులోకి వచ్చిందో లేదో చూసుకుంటారు. తీగతో థియేటర్ దాకా వెళ్లడం కాస్త గాభరాగానే ఉంటుంది, నొప్పి మాత్రం తక్కువే. ఆపరేషన్ సాధారణంగా గంటలోపే అయిపోతుంది. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వెళతారు.

మత్తు ఇచ్చిన రోజు బండి నడపొద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. మొదటి ఒకటి రెండు రోజులు మెత్తని, పట్టుగా ఉండే బ్రా రాత్రిపూట కూడా వేసుకుంటే కుట్లమీద బరువు పడదు. నొప్పికి మామూలుగా పారాసెటమాల్ చాలు. కోత చుట్టూ చర్మం కమిలి నీలంగా, తర్వాత పసుపుగా మారుతుంది. లోపల గట్టిగా ముద్దలా తగిలితే గడ్డ మళ్లీ వచ్చిందని హడలిపోతారు. అది గాయం మానుతున్నప్పటి గట్టిదనం, తగ్గడానికి వారాలు పడుతుంది. నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లల్ని ఎత్తడం వారం, రెండు వారాలు మానాలి. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో కష్టమైన మందు ఇదే. ఆ పని వేరొకరు అందుకోవాలి, ఆమె అడిగేదాకా ఆగకుండా. అలాగని చేతిని కదపకుండా బిగబట్టుకోనక్కర్లేదు. తల దువ్వుకోవడం, అన్నం తినడం మామూలుగా చేసుకోవచ్చు.

పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. పప్పు తింటే చీము పడుతుంది, పెరుగు తింటే పుండు మానదు అంటూ కోత పడ్డ మనిషికి చారన్నం పెట్టి కూర్చోబెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది అలవాటైతే అది పెట్టండి. కోతమీద పసుపు, ఆకు పసరు మాత్రం పెట్టొద్దు. రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోతే, కట్టు రక్తంతో తడిసిపోతే, 101 డిగ్రీలు దాటి జ్వరం వస్తే, కోత ఎర్రబడి చీము కారితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

తీసిన గడ్డ ఫార్మలిన్ ద్రవంలో ల్యాబుకు వెళ్లాలి. చూడ్డానికి మామూలు కొవ్వు గడ్డలా ఉందని పరీక్షకు పంపకుండా పారేయడం పెద్ద తప్పు. ల్యాబులో దాన్ని మైనంలో బిగించి, అతి పల్చగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కొన్ని రోజులు పడుతుంది. ప్రత్యేక పరీక్షలు అవసరమైతే ఇంకొన్ని. రిపోర్టులో ఫైబ్రోఎడినోమా, ఫైబ్రోసిస్టిక్ మార్పులు, వాపు వంటివి రావచ్చు, ఇవి క్యాన్సర్ కావు. మన దగ్గర అప్పుడప్పుడు రొమ్ము క్షయ కూడా బయటపడుతుంది, అది మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ అని వస్తే తర్వాతి దారి క్యాన్సర్ నిపుణులతో మాట్లాడి తేల్చుకోవాలి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె., విశాఖలోని హోమీ భాభా లాంటి ఆసుపత్రులకు వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా తీసుకెళ్లండి. బ్లాకు ఉంటే మళ్లీ కోయకుండానే రెండోసారి చూడొచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక్క మనవి. రిపోర్టు వచ్చాక డాక్టరును పక్కకు పిలిచి "ఆవిడకు చెప్పకండి" అనకండి. కోత పడింది ఆమె ఒంటిమీద. ఫలితం ఏదైనా ముందు ఆమెకే చెప్పించండి, పక్కన మీరు కూర్చోండి.