పాత ఇనుప సేద్యపు పనిముట్ల తుప్పు తొలగింపు: విద్యుద్విశ్లేషణ పద్ధతి

వాడుక తప్పిన నాగలి కర్రులు, గుంటక పాసలు, కొడవళ్లు ప్రదర్శనశాలలకు చేరేనాటికి సాధారణంగా మందపాటి తుప్పుతో నిండి ఉంటాయి. సానరాయి, గరుకు కాగితం తుప్పుతోపాటు లోహాన్నీ అరగదీస్తాయి. ఆమ్లం తుప్పును కరిగించాక మంచి ఇనుమును కూడా తింటుంది. ఈ క్రమంలో కమ్మరి సుత్తి దెబ్బల గుర్తులు, అరుగుదల జాడలు చెరిగిపోతాయి. పనిముట్టు తయారీ, వాడకాలకు ఆ గుర్తులే సాక్ష్యం. మిగిలిన లోహానికి నష్టం లేకుండా తుప్పును వదిలించడానికి విద్యుద్విశ్లేషణ అనువైన పద్ధతి.

సూత్రం

తేమ, ఆక్సిజన్ సమక్షంలో ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి ఆర్ద్ర ఐరన్ ఆక్సైడ్‌గా మారడమే తుప్పు పట్టడం. విద్యుద్విశ్లేషణలో పనిముట్టును కాథోడ్‌గా అమర్చి ఎలక్ట్రాన్లను అందిస్తారు. అందువల్ల తుప్పులో కొంత భాగం క్షయకరణం చెంది, వదులైన నల్లని పదార్థంగా మారుతుంది. లోహం ఉపరితలంపై వెలువడే హైడ్రోజన్ బుడగలు పొరలను పెకలిస్తాయి. అయితే తుప్పుగా మారి పోయిన లోహం తిరిగి రాదు. గుంటలు గుంటలుగానే మిగులుతాయి.

అమరిక

ముందుగా మట్టిని, జిడ్డును కడిగి, కర్ర పిడిని వేరుచేయాలి. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి సుమారు 10 గ్రాముల చాకలి సోడా (సోడియం కార్బనేట్) కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ ఋణాగ్రాన్ని పనిముట్టుపై తుప్పు గీకిన చోట బిగించాలి. ధనాగ్రాన్ని పనికిరాని మామూలు ఇనుప రేకుకు కలపాలి. రెండూ ఒకదానికొకటి తగలరాదు. రేకుకు ఎదురుగా ఉన్న వైపే త్వరగా శుభ్రపడుతుంది కనుక పనిముట్టును మధ్యమధ్య తిప్పాలి. తుప్పు మందాన్ని బట్టి కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు పడుతుంది.

అగ్రాలు తారుమారైతే పనిముట్టే ఆనోడ్‌గా మారి క్షయిస్తుంది. ఫారడే నియమం ప్రకారం ప్రతి ఆంపియర్-గంటకు గరిష్ఠంగా 1 గ్రాముకు పైగా ఇనుము కరిగిపోవచ్చు. స్విచ్ వేయడానికి ముందు తీగలను మరోసారి సరిచూడడం తప్పనిసరి.

జాగ్రత్తలు

హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరినా మండగలదు. కాబట్టి ఈ పనిని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. విద్యుత్తు ఆపకుండా తొట్టిలో చేయి పెట్టరాదు. చాకలి సోడాకు బదులు ఉప్పు వాడితే విషపూరితమైన క్లోరిన్ వెలువడవచ్చు. ఆనోడ్‌గా స్టెయిన్‌లెస్ స్టీల్ వాడితే అందులోని క్రోమియం హానికరమైన రూపంలో ద్రావణంలో చేరుతుంది. అల్యూమినియం, జింకు భాగాలు క్షార ద్రావణంలో దెబ్బతింటాయి. గట్టిపరచిన ఉక్కు స్ప్రింగులు హైడ్రోజన్‌ను పీల్చుకొని పెళుసుబారే ప్రమాదం ఉంది కనుక వాటిని మినహాయించాలి. వాడిన ద్రావణాన్ని పొలంలో పారబోయరాదు. అందులోని సోడియం కార్బనేట్ నేలలో క్షారతను పెంచుతుంది.

తరువాతి సంరక్షణ

తొట్టి నుంచి తీసిన వెంటనే నల్లని పొరను బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడిగి, వేడిమితో పూర్తిగా ఆరబెట్టాలి. ఆలస్యమైతే కొద్ది గంటల్లోనే కొత్త తుప్పు కనిపిస్తుంది. ఆరిన వెంటనే పలుచగా నూనె గాని, మైనం గాని పూయాలి.

పరిమితి

తెలుగు రాష్ట్రాల్లోని బృహత్ శిలాయుగ సమాధుల తవ్వకాల్లో ఇనుప పనిముట్లు లభించాయి. అటువంటి పురావస్తువులకు పై పద్ధతిని ప్రయోగించరాదు. శతాబ్దాలు భూమిలో ఉన్న వస్తువులో లోహం దాదాపు అంతరించి, తుప్పే ఆకారాన్ని నిలిపి ఉండవచ్చు. తుప్పు వదిలితే వస్తువే మిగలదు. వాటిని పురావస్తు సంరక్షణ నిపుణులకు అప్పగించాలి. తుప్పు కింద గట్టి లోహం ఉన్నదని అయస్కాంతంతోనూ, బరువుతోనూ అంచనా వేసుకొన్న తరువాతనే ఏ పనిముట్టునైనా తొట్టిలో ఉంచడం శ్రేయస్కరం.