పురిటిగదిలో పరుషవాక్యము

ప్రసవము స్త్రీకి పునర్జన్మమని మన పెద్దలందురు. ఆ వేళ ఆమె చెవినిబడు మాటలెట్టివో విచారించువారు అరుదు.

1957 నవంబరులో అమెరికా దేశపు ‘లేడీస్ హోమ్ జర్నల్’ పత్రికలో ఒక నర్సు లేఖ వెలువడినది. ప్రసవశాలలలో స్త్రీలను బంధించి గంటలకొలది ఉంచుచున్నారనియు, దీనిపై విచారణ జరుపవలసినదనియు ఆమె కోరినది. తల్లుల ఉత్తరములు వెల్లువగా వచ్చినవి. 1958 మే సంచికలో పత్రిక వానిలో కొన్నిటిని ప్రకటించినది.

ఇది పరదేశపు ముచ్చట యనుకొనరాదు. కసురుట, చేయిచేసికొనుట, “అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది?” అను ఎత్తిపొడుపు మన ఆసుపత్రులకును క్రొత్త గావు. పెక్కు మంచములకు ఒక్క నర్సు ఉన్నచోట ఓర్పు తరిగిపోవుట మేమెరుగుదుము. ఐనను దెబ్బ దెబ్బయే.

ఆ గాయము దేహముతో పాటు మానదు. కొందరికి పీడకలలు వచ్చును. జరిగినదంతయు కన్నుల యెదుట మరల మెదలును. మరికొందరు ఆసుపత్రి పేరు విన్నంతనే వణకుదురు, రెండవ కాన్పునకు జంకుదురు. “బిడ్డ క్షేమమే గదా, ఇంకేమి?” అని ఇంటివారనగా బాలింత నోరు మూసికొనును. ఆమె పథ్యమునకు చూపు శ్రద్ధలో పదియవ వంతైనను మనస్సునకు చూపము.

తొలికాన్పునకు పిల్లను పుట్టింటికి తెచ్చుట మన ఆచారము, తల్లి దాపున నుండవలెనని గదా! తీరా నొప్పులు ముదిరినపుడు ఆ తల్లి తలుపు వెలుపలనే. 2017లో భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘లక్ష్య’ కార్యక్రమము ప్రసవవేళ తోడుమనిషి ఉండుటను ప్రోత్సహించినది. కావున మీరు పోదలచిన ఆసుపత్రిలో తోడు నుండనిత్తురా యని నెలలు నిండకముందే అడిగి తెలిసికొనుడు.